కొత్త బండికి నా తెల్ల బూటు

మా బీరువాలో పై అర నాది. కింది అరలన్నీ నా భార్యవి. ఆమె అరల్లో చీరలుంటాయి, నా అరలో బూట్లుంటాయి. మొత్తం ఐదు జతలు. అన్నీ పాత మోడలువే. పాతబడినవని కాదు; ఎప్పుడో ఆటగాళ్ళు వేసుకున్న రకాన్ని ఇప్పుడు మళ్ళీ కొత్తగా కుట్టి అమ్ముతున్నవి. వీటిని రెట్రో అంటారట. ఆ మాట నేను మొదటిసారి ఇంట్లో అన్నరోజు మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి, "యాడ? ఏ కాకి యేసింది రెట్ట?" అని గోడలన్నీ వెతికింది.

ఎవరైనా అడిగితే నేను గట్టిగానే చెబుతాను. ఇవి కూడబెట్టాలనుకునేవాడు మొదట తెల్లతోలుది కొనాలి, మడమ దగ్గర చిన్న పచ్చముక్క ఉన్నది. అది ఏ కాలంలోనూ పాతబడదు. తరువాత చీలమండ దాకా వచ్చే నల్ల కాన్వాసుది, ముందువైపు రబ్బరు టోపీ ఉంటుంది. ఆ తరువాత బెల్లం రంగు అడుగున్నది. నేను చెరకు పండించి, బెల్లం వండి బతికినవాణ్ణి కాబట్టి ఆ రంగులో మంచి పాకమేదో, మాడినదేదో నాకు తెలుసు. ఇంత చెప్పే నేను చెప్పని మాట ఒకటుంది. ఆ ఐదు జతల్లో ఒక్కటీ నా కాలికి ఎక్కదు.

అది ఇలా జరిగింది. అరవై దగ్గరపడే దాకా నాకు అక్షరం ముక్క రాదు. పొలం కౌలుకిచ్చి చిత్తూరులో కూర్చున్నాక మా ఆవిడే పలక కొనిచ్చి నేర్పింది. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది, ఆ సంగతి ఒకరోజు కూడా మరిచిపోనివ్వలేదు. తెలుగు వచ్చాక నాకు ఆశ పుట్టి, బస్సుల మీద, సిమెంటు మూటల మీద చూసి ఇంగ్లీషు అక్షరాలూ కొన్ని పోగు చేసుకున్నాను. అప్పటినుంచి నాది ఒకటే రోగం, ఎక్కడ రాత కనిపించినా చదవాలి. మందుసీసా, బిస్కెట్టు పొట్లం, ఎదుటివాడి చొక్కా, ఏదీ వదలను.

మా ఊళ్ళో ఒక అంగడి ఉంది. ఆంబూరు వైపు కంపెనీల్లో పరదేశాలకని కుట్టి, చిన్న లోపమేదో ఉందని మిగిలిపోయిన బూట్లు అక్కడికి వస్తాయి. అంగడాయన నా కాళ్ళకేసి చూసి, "మీకు తొమ్మిది సార్" అన్నాడు. ఇక ఆగుతానా? కుప్పలో చెయ్యి పెట్టి, బూటు నాలుక తిప్పి, తొమ్మిది ఎక్కడుందో నేనే చదివి తీసుకున్నాను. తొడిగి చూడమన్నాడు. ఏసీ అంగట్లో, అంతమంది ముందు, పగుళ్ళిచ్చిన నా మడమలు బయట పెట్టడానికి మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి తొడిగితే మడమ మొత్తం బయటే ఉండిపోయింది.

వెనక్కి ఇవ్వొచ్చు. కానీ వీధి మొదలు నుంచీ "నంబరు నేనే చదివినాను" అని చాటుకుంటూ వచ్చినవాణ్ణి, ఏ మొహంతో ఇస్తాను? మా ఆవిడ "తొడగవేమయ్యా?" అనేసరికి ఆ అంగట్లోనే విన్న మాట ఒకటి అక్కరకొచ్చింది. "ఇది తొడిగేది కాదు, కలెక్షన్" అన్నాను. ఒక్క జతను కలెక్షన్ అంటే ఎవరు నమ్ముతారు? రెండోది కొన్నాను. అదీ తొమ్మిదే, అదీ ఎక్కలేదు. మూడో జతకు వచ్చేసరికి అబద్ధం అలవాటైంది, బూట్ల మీద నిజంగానే మోజు పుట్టింది. మధ్యాహ్నం తలుపు దగ్గరకు వేసుకుని, తెల్లవాటిని ఒళ్ళో పెట్టుకుని పాత పంచెతో తుడిచేవాణ్ణి. మనవళ్ళను కూడా అంత ఓర్పుగా తుడిచి ఎరగను.

మా బామ్మర్ది రేణిగుంటలో గోదాముల సరుకు తోలుతాడు. మొన్న కొత్త బండి కొని, కాణిపాకంలో పూజ చేయించుకుని, అక్కకు చూపించాలని నేరుగా మా ఇంటికి తెచ్చాడు. నేను అప్పుడు రబ్బరు చెప్పులు (మా వైపు మెట్లంటాం) వేసుకుని పాలకని వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వాకిట్లో బండి, ముందు నిమ్మకాయలు, మిరపకాయలు, పూలదండ. వెనక్కి వెళ్ళి చూద్దును కదా, బంపరు కింద నల్లతాడుకు తలకిందులుగా వేలాడుతోంది నా తెల్ల బూటు. పచ్చముక్క కిందకి, నాలుక బయటకి.

"ఎవరు కట్టింది దీన్ని?" అని అరిచాను.

"నేనే కట్టినాను" అంది మా ఆవిడ, చేతులు దులుపుకుంటూ. "కొత్త బండి, దిష్టి తగలకుండా పాత మెట్టు కట్టల్ల గదా. నీ మెట్లు నువ్వు తొడుక్కోని పోతివి. బీరువాలో ఉండేటివి పాతవని నువ్వే గదా ఊరంతా చెప్పుకుంటివి!"

"పాతవి కాదే, పాత మోడలు!"

"ఏదో ఒగటి. పాతే గదా."

నేను తాడు విప్పబోయాను. బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బావా, దండం పెడతా. ఆడబిడ్డ చేత్తో కట్టింది. ఇప్పితే బండికి మంచిది గాదు. ఇంగ కాసేపట్లో రాహుకాలం. ఆలోగా నేను బయలుదేరల్ల."

అతను చెప్పింది అబద్ధం కాదు. నాకూ ఆ నమ్మకాలున్నాయి. రేపు ఆ బండికి గీత పడినా జీవితాంతం నా పేరే చెబుతారు. కానీ బండి కదిలిందంటే నా బూటు రేణిగుంట దారి దుమ్మంతా మింగుతుంది, రెండోది బీరువాలో విధవరాలిలా మిగులుతుంది. చివరికి శాస్త్రంలోనే ఒక సందు దొరికింది.

"ఏమప్పా, దిష్టికి ఎట్లాంటి మెట్టు కట్టల్ల?" అన్నాను.

"తొడిగి తొడిగి అరిగిపొయ్యింది కట్టల్ల."

"దీని అడుగు సూడు. అరిగిందా? ఇది ఒక దినమన్నా నేల తొక్కింది గాదు. ఇది కడితే దిష్టి ఆగదు, ఇంగా ఎక్కవ తగల్తాది."

బామ్మర్ది వంగి అడుగు చూశాడు. బెల్లపు అచ్చులాగా గీతలన్నీ అలాగే ఉన్నాయి. అతని మొహంలో భయం పుట్టింది. కానీ నా భార్య మొహంలో వేరే ఏదో పుట్టింది.

"ఒగదినమన్నా తొడగలేదా?" అంది. "ఇన్నేండ్లా? ఏదీ, ఇప్పుడు తొడుగు, సూద్దాం."

"కలెక్షన్..."

"కలెక్షన్ లేదు, కల్లాకపటం లేదు. తొడుగు."

బామ్మర్ది తాడు కోసి బూటు చేతికిచ్చాడు. బండి ఫుట్‌బోర్డు మీద కూర్చుని కాలు దూర్చాను. బురదలో, చెరకు కొయ్యల్లో ఉత్తకాళ్ళతో తిరిగిన కాళ్ళు. వేళ్ళు విసనకర్రలాగా విచ్చుకుని ఉంటాయి. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇంకా తోస్తే బూటూ నేనూ ఇద్దరం చిరిగేట్టున్నాం. ఎదురింటివాళ్ళు కూడా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

బామ్మర్ది బూటు లాక్కుని నాలుక తిప్పి చదివాడు. "బావా, తొమ్మిది పక్కన డబ్ల్యూ ఉండాదే, సూడలేదా?"

"సూడకేమి, సూసినాను. వాకింగ్ అని."

అతను కొత్త బండి బంపరు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. నవ్వు ఆగాక, కళ్ళు తుడుచుకుని, "ఉమెన్ బావా, ఉమెన్! ఇది ఆడోళ్ళ తొమ్మిది" అన్నాడు.

ఐదు జతలూ అంతేనని తరువాత తేలింది. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా రాతను అనుమానించలేదు. తొమ్మిది అని అచ్చులో ఉంది, నా కాలు పట్టలేదు, కాబట్టి తప్పు కాలిదే అనుకున్నాను. చదువు రాని రోజుల్లో అయితే ముందు కాలు పెట్టి చూసి, పట్టకపోతే అంగడాయన్ని నాలుగు తిట్టి వచ్చేవాణ్ణి.

అందరూ నవ్వుతూ ఉండగానే మా ఆవిడ బూటు అందుకుంది. కొంగుతో లోపల ఒకసారి తుడిచి కాలు పెట్టింది. కొలత తీసి కుట్టినట్టు దిగిపోయింది. ఆమె నవ్వు ఆగిపోయింది. నేలమీద ఒకసారి అదిమి చూసింది.

"మెత్తగా ఉండాదబ్బా" అంది తనలో తాను. తరువాత నాతో, "ఇంగొగటి తెచ్చియ్యి" అంది.

తెచ్చాను. ఇంకేం చెయ్యను? బామ్మర్ది తొందరపడుతున్నాడు. నా కాళ్ళకున్న రబ్బరు మెట్లలో ఎడమది విప్పి ఇచ్చాను. మడమ దగ్గర చిల్లి పడేంతగా అరిగింది అది, ఎవరూ వంక పెట్టలేరు. మా ఆవిడే మళ్ళీ కట్టింది. బండి వెళ్ళిపోయింది, నా మెట్టు చక్కగా ఊగుతూ వెళ్ళింది.

నేను మిగిలిన ఒక మెట్టుతో వాకిట్లో నిలబడ్డాను. మా ఆవిడ చీర కొంచెం ఎత్తి పట్టుకుని గేటు దాకా నడిచింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కళ్ళాపి నీళ్ళు నిలిచిన చోట కాలు పెడుతుంటే నా గుండె కలుక్కుమంది. చివరికి అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపింది.

"లేసు ఊడతా ఉండాది. కట్టు."

వంగి కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఐదు జతలు కొన్న నేను ఒక్కసారీ లేసు కట్టి ఎరగను. నాకు వచ్చిన ముడి ఒక్కటే, గాటికి ఎద్దును కట్టే ముడి. రెండు బూట్లకూ అదే వేసి గట్టిగా బిగించాను.

ఆమె ఒకసారి లాగి చూసింది.

"బాగుండాది" అంది. "రాత్రికి ఇది ఇప్పేదెవురు?"