కత్తెర పడని గొంగడి

జలపతి మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఎటో వెళ్ళిపోయేవాడు. కాళ్ళు ఆడుతూనే ఉండేవి, గుడ్డ సూది కిందికి జరుగుతూనే ఉండేది. మనసు మాత్రం ఆ అంగి తొడుక్కోబోయే మనిషి వెంట నడిచిపోయేది. ఇది వేసుకుని చంద్రమౌళి పెళ్ళిచూపులకు పోతాడు, దీన్ని వెంకటి నాట్ల దాకా దాచుకోలేడు అనుకుంటూ తనలో తాను నవ్వుకునేవాడు. భార్య సత్యవ్వ లోపలి నుంచి గట్టిగా పిలిస్తే తప్ప ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

కోరుట్ల నుంచి గుట్టల వైపు పోయే దారిలో కొండ్రాయిపల్లె అతని ఊరు. మేరవాళ్ళు, తాతల నాటి నుంచి బట్టలు కుట్టే ఇల్లు. అతని చిన్నతనంలో దొర ఉండే గడీ ముందు నుంచి అంగి తొడుక్కుని నడిచే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. గొంగడి కప్పుకున్నవాళ్ళు కూడా దాన్ని తీసి చంకలో పెట్టుకుని, వానలోనైనా సరే, ఉత్త ఒంటితో గడీ దాటాలి. జగిత్యాల చుట్టూ కూలి సంఘాలు లేచిన ఏడాది దొర హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆ దసరాకు కూలివాళ్ళంతా జలపతి అరుగు మీదే ఉన్నారు. అందరికీ అంగి కావాలి. టేపు చంకల కింద తగిలితే పెద్ద పెద్ద మనుషులు పిల్లల్లా మెలికలు తిరిగి నవ్వారు. అంగి అంటే తలెత్తుకోవడమని, గొంగడి పాతకాలంతో పోవాల్సిన వస్తువని అప్పుడే అతని మనసులో పడిపోయింది.

కొన్నేళ్ళకు గుట్ట కింద పోలీసు క్యాంపు పెట్టారు. అడవిలో నక్సలైట్ అన్నలు, రోడ్డు మీద పోలీసులు. ఊరు గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకుంది.

ఓ ముసురు రోజున కురుమల నాగవ్వ వచ్చింది. భర్త పోయాక గొర్లమందను తనే గుట్టకు తోలుకుపోతోంది. నెత్తి మీది గొంగడి తీసి మిషన్ మీద పెట్టింది.

"దీన్ని కోసి నాకొక అంగి కుట్టు జలపతన్నా. చేతులుండాలె, గుండీలుండాలె."

"గొంగడితోని అంగి ఏందే చెల్లె?"

"క్యాంపు కాడ రోజు ఆపుతున్నరు. గొంగడి కింద ఏం దాచినవ్, తుపాకి ఉన్నదా అని లాఠీతోని పొడుస్తరు. తీసి బురదల పడేయమంటరు. వానల తడుసుకుంట నిలబడాలె. ఇగ గొంగడి కప్పుకొని ఎవ్వలు రోడ్డు మీదికి రావద్దన్నరు. అంగైతే ఒంటికి అతుక్కొని ఉంటది, ఏమనరు గద."

మంచి ఆలోచనే అనిపించింది జలపతికి. "రేపటాల్లకు రా" అన్నాడు. నాగవ్వ ఒక యూరియా సంచిని నెత్తిన బోర్లించుకుని వెళ్ళిపోయింది.

గొంగడిని అరుగు మీద పరిచి సుద్దముక్క తీసుకున్నాడు. ఎక్కడ గీయాలో తోచలేదు. మెడ లేదు, భుజం లేదు, ముందూ వెనకా లేదు. గొర్రె వాసన, నేసినప్పుడు పెట్టిన చింతగింజల గంజి వాసన, ఏనాటివో వానల వాసన వస్తున్నాయి. మనిషి కప్పుకుంటే ఎలా పడుతుందో చూద్దామని తన నెత్తిన వేసుకుని మిషన్ ముందు కూర్చున్నాడు. చూరు నీళ్ళ చప్పుడు దూరమైంది. కళ్ళు మూతపడ్డాయి.

గుట్ట మీద ఉన్నాడు. మబ్బులు మోకాళ్ళ దాకా దిగి ఉన్నాయి. తన చేతులెక్కడో, కాళ్ళెక్కడో తెలియడం లేదు. అంగిలో చేయి ఎక్కడ పెట్టాలో అంగే చెబుతుంది. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు. ఒక గొర్రెపిల్ల లోపలికి దూరింది, దానికీ చోటుంది. ఎవరో ముసలాయన వచ్చి పక్కన కూర్చుంటే ఆయనకూ చోటుంది. ముగ్గురూ కలిసి మబ్బును చూస్తున్నారు.

"మిషన్ మీద నిద్ర ఏంది?" అని సత్యవ్వ తట్టి లేపింది.

మర్నాడు నాగవ్వ వస్తే, మడత పెట్టిన గొంగడి చేతికిచ్చాడు. "నాతోని కాదు చెల్లె. కోస్తే నీ ఒక్కదానికే అయితది. ఇప్పుడైతే పరుసుకుంటవ్, కప్పుకుంటవ్, ఈనిన గొర్రెకు చుడతవ్. కత్తెర పడ్డదంటే గివన్ని పోతయి."

"మరి వానల తడువుమంటవా?"

జలపతి టేపు తీసి మిషన్ మీద పెట్టి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. క్యాంపు పోలీసులకు గుండీలు కుట్టిపెట్టే పరిచయం ఉంది. ఆ పరిచయాన్ని నమ్ముకుని నడిచాడు.

"సారూ, గొంగడికి జేబులు లేవు, గుండీలు లేవు. వాన ఆగుతదని కప్పుకుంటరు, అంతే. జర రానియ్యండ్రి" అన్నాడు ఎస్సైతో.

ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. "దర్జీవా నువ్వు? అయితే అడవిలో వాళ్ళకి ఆకుపచ్చ బట్టలు కుట్టేది నువ్వేనన్నమాట" అన్నాడు.

ఆ రోజుల్లో మనిషిని మాయం చేయగల మాట అది. జలపతిని క్యాంపు వాకిట్లో, వానలో నిలబెట్టారు. తెల్లంగి ఒంటికి అంటుకుపోయి ఎముకల దాకా చలి పెట్టింది. వణుకుతూ అతను మళ్ళీ ఆ గుట్ట మీది మబ్బులోకి పోదామని చూశాడు. పోలేకపోయాడు.

మధ్యాహ్నానికి క్యాంపు గేటు ముందు రోడ్డు కనబడకుండా పోయింది. అంతా గొర్లే. తడిసి, ముద్దగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. వాటి మధ్య నాగవ్వ, ఆమె మరిది, ఇంకొందరు కురుమలు గొంగళ్ళు కప్పుకుని కూర్చున్నారు. జలపతి కళ్ళకు చిన్న చిన్న గుట్టలు నడిచొచ్చి కూర్చున్నట్టుంది. కలేమో అనుకున్నాడు.

క్యాంపు జీపు హారన్ కొట్టింది. ఒక్క గొర్రె కదల్లేదు.

"మా మేరాయన బయటికి రాంది ఇవి కదలయి సారూ" అంది నాగవ్వ, కూర్చున్నచోటు నుంచే.

ముసలి హెడ్ కానిస్టేబుల్ ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై విసుగ్గా చేయి ఊపాడు. జలపతి గేటు దాటగానే నాగవ్వ తన గొంగడి తీసి అతని మీద వేసింది. ఆ వెచ్చదనానికి అతనికి ఏడుపొచ్చింది.

గొంగడి వద్దన్న మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేదు గానీ, కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. క్యాంపు దాటేటప్పుడు, ఏమీ దాచలేదని కనబడేలా, గొంగడిని రెండు చేతులా విప్పి పట్టుకుని నడవాలి. గుట్ట దిగే కాపరులు వరసగా రెక్కలు చాపిన పెద్ద పక్షుల్లా పోతుండేవాళ్ళు. దూరం నుంచి చూడటానికి ఎంతో అందంగా ఉండేది. జలపతి మాత్రం ముఖం తిప్పుకునేవాడు, గడీ రోజులు గుర్తొచ్చి.

ఆ తర్వాత కూడా పోలీసులు ఊరికే ఇంటికొచ్చి గుడ్డముక్కలు కెలికిపోతుంటే సత్యవ్వ భయపడింది. ఇద్దరూ సిరిసిల్ల వెళ్ళిపోయారు. అక్కడ బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య ఒక గదిలో లంగాలు కుట్టాడు జలపతి, ముసలివాడయ్యే దాకా.

ఒకసారి వేములవాడ మొక్కు తీర్చుకుని నాగవ్వ ఆ గదికి వచ్చింది. చెవులు మూసుకుని, "గీ చప్పుల్ల ఎట్ల పంటున్నరే వదినా?" అని సత్యవ్వనడిగింది. అన్నం తిని, ఊరి ముచ్చట్లు చెప్పి, ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోయింది. తెల్లారి జలపతి ఆమెను కోరుట్ల బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి గుట్టల మీద వానలెట్లున్నాయని అడిగాడు. ఆమె చెబుతూ ఉండగానే బస్సు కదిలింది.