జోసఫ్ రాజు గారి రాజు వేషం

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో బట్టలు కుట్టే జోసఫ్ రాజు గారు పేరుకే రాజు. మనిషి పొట్టి కావడంతో ప్రతి క్రిస్మస్ నాటకంలోనూ ఆయనకు గొర్రెల కాపరి వేషమే ఇచ్చేవారు.

తొంభై మూడులో మా సోషల్ మాస్టారు శ్యాంబాబు గారు స్పెయిన్ వాళ్ళ చేతిలో చచ్చిపోయిన దక్షిణ అమెరికా ఇంకాల రాజు అతహువల్పా కథను నాటకంగా రాసి, ఆ వేషం ఈయనకిచ్చారు. కిరీటమూ అంగీ తనే కుట్టుకున్నారు.

నాటకంలో పరాయి పాదిరి బైబిల్ ఇచ్చి, ఇది దేవుడి మాట అంటాడు. రాజు దాన్ని చెవికి ఆనించుకుంటాడు. ఏమీ వినబడక కిందికి విసిరేస్తాడు. రిహార్సల్‌లో జోసఫ్ రాజు గారు విసిరిన మరుక్షణం వంగి, పుస్తకం తీసి కళ్ళకద్దుకునేవారు.

"మారాజా, అద్దేసుకుంటే ఇంక యుద్ధమెందుకు? ఇంటికెళిపోదాం," అనేవాడు పాదిరి వేషం వేసే జోగులు.

"సెయ్యి దానంతటదే ఎల్లిపోతంది. నానేటి సేసీదిరా?"

చివరికి అట్టముక్కలకు నల్ల రెగ్జిన్ తొడిగి ఉత్తుత్తి పుస్తకం తయారుచేశారు. నాటకం రోజు ఆయన వంగలేదు. పుస్తకం పడ్డ చప్పుడు చివరి బెంచీ దాకా వినిపించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ ఆదివారమే చర్చి సంఘపెద్దలు ఆయన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టారు. తప్పు ఒప్పుకునేదాకా రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు.

"ఒక్క మాట అనేద్దురూ, పోద్ది," అనేది భార్య ఎస్తర్ రాణి.

"అట్టముక్క ఇసిరితే తప్పేటే?"

అయినా ఆయన గుడి మానలేదు. ఏళ్ళ తరబడి రొట్టె పళ్ళెం ఆయన్ని దాటి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళేది. ఎస్తర్ రాణి పోతే సంఘం వాళ్ళ సమాధుల దొడ్డిలోనే పెట్టారు. తర్వాత ఆయనా మంచం పట్టారు. కూతురు పరిమళ పాస్టరు గారిని పిలుచుకొచ్చింది.

"ఆవిడ పక్కన నాకు సోటిత్తారా అయ్యగారూ?"

"బల్లలో లేనివాళ్ళకి ఎలాగిస్తాం జోసఫ్?" ఆయన గొంతులో కోపం లేదు.

జోసఫ్ రాజు గారు మోచేతి మీద లేచారు. "ఆ రాజుని బాప్తిస్మం తీసుకోపోతే కాల్సేత్తామన్నారండి. ఒళ్ళు కాలిపోతే సచ్చిపోయిన తనోళ్ళని సేరలేనని తీసేసుకున్నాడు."

పాస్టరు గారికి ఏ రాజో తెలియలేదు.

"తప్పయిపోనాదండి," అన్నారు జోసఫ్ రాజు గారు.

పాస్టరు గారు ప్రార్థన చేసి రొట్టెముక్క నోట్లో పెట్టారు. అది చాలాసేపు అలాగే ఉండిపోయింది. పరిమళ నీళ్ళ గ్లాసు అందించి, "మింగు నాన్నా," అంది.