గోళ్ల మీద మిగిలిన ఎరుపు

లీలాకుమారి చివరగా చేసిన మామూలు పని గోళ్లు తీసుకోవడం. ఫిల్మ్ నగర్ బస్తీలో వాళ్లుండే అద్దె వాటా ముందు మెట్ల మీద పాత పేపరు పరుచుకుని, కళ్లజోడు ముక్కు కొసకి దించి, ఒక్కో గోరూ జాగ్రత్తగా తీస్తోంది. కూతురు గీతిక ఆఫీసుకి వెళ్లడానికి స్కూటీ బయటికి తీసింది.

"ఇంకో నెలకి పూర్తిగా పోతుందే," అంది లీలాకుమారి బొటనవేలు ఎత్తి చూపిస్తూ. గోటి పై సగంలో గోరింటాకు ఎరుపు ఇంకా ఉంది. అడుగు నుంచి కొత్త గోరు దాన్ని నెట్టుకొస్తోంది.

"ఉంటే ఉండనీ అమ్మా. ఇంకా ఎవరు చూస్తారు?"

"పెళ్లినాటికి ఉండకూడదు. మీ అత్తగారి చూపు ముందు నా చేతుల మీదే పడుతుంది," అని నవ్వింది. "హెల్మెట్ పెట్టుకో."

మధ్యాహ్నం పక్కవాటా నీలమ్మ ఫోన్ చేసేసరికే అంతా అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఆమెకి యాభై తొమ్మిదేళ్లు.

లీలాకుమారి జూనియర్ ఆర్టిస్టు. భర్త అచ్యుతరామయ్య సినిమాలకి లైట్‌మన్‌గా పనిచేసేవాడు. గీతిక నాలుగో తరగతిలో ఉండగా కామెర్లొచ్చి పోయాడు. అప్పటిదాకా గడప దాటని మనిషి నీలమ్మ వెంట స్టూడియోకి వెళ్లడం మొదలుపెట్టింది. నిండైన ముఖం, ఎత్తుకి తగ్గ ఒళ్లు. అందుకని ఏజెంటు ఆమెని ఎప్పుడూ పెళ్లి సీన్లకే పిలిచేవాడు. పెళ్లంటే పందిట్లో పెద్ద ముత్తైదువలు కనబడాలి. పట్టుచీర ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. వెనక వరసలో నిలబడి ఆమె ఎందరు హీరోయిన్ల మీద అక్షింతలు వేసిందో ఆమెకే గుర్తులేదు.

సాయంత్రం పేకప్ చెప్పగానే తలలో పూలు తీసి నీలమ్మ కొప్పులో పెట్టేసేది. గాజులు సంచిలో వేసేది. ఎర్రటి స్టిక్కరు బొట్టు తీసి చేతి అద్దానికి అంటించి, కనబడీ కనబడని నల్లచుక్క పెట్టుకునేది. బస్తీ మలుపు తిరిగేసరికి, పోయిన అచ్యుతరామయ్య గారి భార్యే మళ్లీ.

"ఎందుకు తీస్తున్నవక్కా? మస్తుగున్నవ్ గదా! ఇంకో సంబంధం చూడాల్నా?" అని నీలమ్మ ఏడిపించేది.

"ఈ వయసులో నాకెందుకే అవన్నీ," అనేది లీలాకుమారి. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగిన గీతిక, అమ్మకి రంగులంటే గిట్టదనే అనుకుంది.

గీతికకి జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంటీరియర్ డిజైనర్ దగ్గర ఉద్యోగం. అక్కడికి పని మీద వచ్చిన సాయిశ్రీనివాస్‌తో పరిచయం పెళ్లి దాకా వచ్చింది. వాళ్లు భీమవరం వైపు నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డవాళ్లు. గీతిక వాళ్లని ఒక్కటే అడిగింది. నిశ్చితార్థంలో తమ తరఫున తాంబూలాలు తన తల్లే మార్చుకోవాలి. మామూలుగా అది దంపతులు చేసే పని. భర్త లేని తల్లి పక్కకి తప్పుకుంటే ఆమె అన్నావదినలో ఎవరో పీటల మీద కూర్చుంటారు.

సాయిశ్రీనివాస్ తల్లి జగదాంబ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "పెంచింది ఆవిడే కదమ్మా. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు?" అంది. మర్నాడు డ్రైవరు చేత లీలాకుమారికి ఒక చీర పంపింది. గంధం రంగు, సన్నటి అంచు. "మీ వయసుకి హుందాగా ఉంటుంది వదినగారూ," అని ఫోన్లో చెప్పింది.

ఇక ఆ ఇంట్లో రోజూ రిహార్సలే. లీలాకుమారి ఇత్తడి పళ్లెంలో ఉత్త తమలపాకులు పెట్టుకుని వంటగదిలోంచి ముందుగదిలోకి నడిచేది. "కెమెరా ఎటుంటుందో చెప్పవే చాలు, మిగతాది నేను చూసుకుంటా," అనేది. గీతికకి నవ్వొచ్చేది. అమ్మ ముందు వరసలో నిలబడబోవడం అదే మొదటిసారి.

ఆ వారమే ఒక సినిమాకి పెళ్లి సీను పడింది. గురు, శుక్రవారాలు తీసి, మిగతాది సోమవారం అన్నారు. నిశ్చితార్థం మధ్యలో ఆదివారం. గురువారం రాత్రి ఇంటికొచ్చిన తల్లి చేతులని గీతిక పట్టుకుని చూసింది. మోచేతుల దాకా గోరింటాకు. వేళ్ల కొసలు ఎర్రగా పండిపోయి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది!"

"సీనుకి పెట్టారే. సోమవారం దాకా ఉండాలి. కంటిన్యుటీ."

ఆ మాట గీతికకి కొత్త కాదు. సీను మొదలైన రోజు ఎవరు ఎలా ఉన్నారో, అది పూర్తయ్యే రోజు కూడా అచ్చం అలాగే ఉండాలి. దాని కోసం అమ్మ ఒక చీరని ఉతక్కుండా రోజుల తరబడి కట్టుకోవడం చూసింది.

"మరి ఆదివారం?"

"కొంగు కప్పుకుంటాలే," అంది లీలాకుమారి.

కానీ పళ్లెం పట్టుకోవాలంటే చేతులు బయటికి రాక తప్పదు. ఆదివారం సాయిశ్రీనివాస్ వాళ్ల జూబ్లీ హిల్స్ ఇంట్లో హాలు నిండా చుట్టాలు. గంధం రంగు చీరలోంచి ఆ రెండు ఎర్రటి చేతులు పళ్లెం అందుకోగానే ఎవరో పెద్దావిడ వినబడేలా అడిగింది. "ఇంతకీ నిశ్చితార్థం ఎవరికి, తల్లికా కూతురికా?"

నలుగురు నవ్వారు. జగదాంబ మాత్రం నవ్వలేదు. తల్లీకూతుళ్లని పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. మామూలుగా వచ్చి ఉంటే నేనే దగ్గరుండి చేయించేదాన్ని. కానీ ఈ చేతులతో..."

"అమ్మ కావాలని పెట్టుకోలేదండీ!" అంది గీతిక. "షూటింగ్‌లో పెట్టారు, సోమవారం దాకా తీయకూడదు. మా అమ్మకి ఇలాంటివి అస్సలు ఇష్టం ఉండవు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

"అయ్యో, నీ మాట నమ్మనా? కానీ అందరికీ వెళ్లి చెప్పుకోలేం కదమ్మా. ఫోటోల్లో ఉండిపోతుంది."

లీలాకుమారి కూతురి ముఖంలోకి ఒకసారి చూసింది. "అవునండీ, వాళ్లే పెట్టారు," అంది. "మా అన్నయ్యా వదినా వచ్చారుగా. వాళ్లు మార్చుకుంటారు."

ఆమె అన్న వీరరాఘవయ్య, ఆయన భార్య పీటల మీద కూర్చున్నారు. లీలాకుమారి వెనక సోఫాలో కొంగు కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. అక్షింతలు వెయ్యమన్నప్పుడు అక్కడి నుంచి అందవని ఆమెకి తెలుసు. గుప్పెట్లోనే పట్టుకుంది. ఇంటికి వస్తుంటే ఆటోలో, "నా తరఫున బాగా మాట్లాడావే," అంది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

సోమవారం షూటింగ్ అయ్యాక రోజూ నిమ్మచెక్కతో చేతులు తోమేది. చర్మం మీది రంగు త్వరగానే పోయింది. గోళ్లకి మాత్రం రెండు నెలలు దాటినా మిగిలింది.

ఆమె పోయినరోజు జగదాంబ కూడా వచ్చింది. స్నానం చేయించి పడుకోబెట్టిన మనిషి చేతులకేసి చూసి, "పాపం, ఆ షూటింగ్ వాళ్లు పెట్టించిందే కదూ!" అంది. పెళ్లి వాయిదా పడింది. కొత్త ముహూర్తానికి కూడా తాంబూలాలూ పీటలూ అన్నీ వీరరాఘవయ్య దంపతులవే.

పెద్దకర్మ అయ్యాక గీతిక, నీలమ్మ కలిసి లీలాకుమారి షూటింగ్ సంచి సర్దారు. చేతి అద్దం చుట్టూ స్టిక్కరు బొట్లు, కొన్నిటి ఎరుపు వెలిసిపోయింది.

"ఆ రోజు వాళ్లు గోరింటాకు పెట్టకుండా ఉండాల్సింది పిన్నీ," అంది గీతిక. "అమ్మ తన చేత్తో తాంబూలం ఇచ్చేది."

నీలమ్మ అద్దాన్ని కొంగుతో తుడుస్తోంది. "ఎవరు పెట్టిర్రు బిడ్డా?"

"సెట్లో వాళ్లు. కంటిన్యుటీ అంది కదా."

"గోరింటాకు ముందట నిలబడ్డోళ్లకే. మేము ఎనక వరస, మా చేతులు ఎవరికి కనవడ్తయ్? మమ్ముల ఎవ్వరూ అడగలే." నీలమ్మ అద్దాన్ని సంచిలో పెట్టింది. "పెట్టే పిల్ల పనైపోయి ఖాళీగ కూసుంటే, అక్కనే పోయి చేతులు చాపింది. మా బిడ్డకు నిశ్చితార్థం, నాకు గూడ పెట్టమ్మా అన్నది. మణికట్టు కాడికి చాలా అని ఆ పిల్ల అడిగితే, మోచేతుల దాక పెట్టమన్నది."