ఎవరూ కాల్చని తూటా

గేటు దగ్గర బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండు ఇరవై. పడమటి గాలి. థర్మామీటరు పద్దెనిమిది చూపిస్తోంది, అక్కడి ఫారన్‌హీట్ లెక్కలో. అంటే నీళ్లు గడ్డకట్టే చలికన్నా బాగా కింద. 1981, నవంబరు. ఉత్తర నెవాడా. నా దగ్గర ఒక డఫెల్ బ్యాగు, రెండు జతల బూట్లు, కాన్వాసు గుడ్డలో చుట్టిన పనిముట్లు, అమ్మ పెట్టిన తెలుగు కొత్త నిబంధన.

చెట్టన్నది లేదు. మోకాలెత్తు బూడిదరంగు పొదలు, వాటి మీద పల్చటి మంచు. దూరం నుంచి చూస్తే వరికుప్పలు వేసినట్టు మట్టిదిబ్బలు, వరసలు వరసలుగా, కనుచూపు మేర. దగ్గరికెళితే ప్రతి కుప్పకీ ఒక ఇనుప తలుపు. అవి అమెరికా సైన్యం మందుగుండు దాచే, మట్టి కప్పిన కాంక్రీటు గదులు. బంకర్లు. ఎనిమిది వందల పైచిలుకు ఉన్నాయన్నారు. కొన్నిటిలో ఏముందో అక్కడ పనిచేసే మాకే చెప్పలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అమ్మ చికాగోలో నర్సు. బెజవాడ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసిన నాన్న పోయాక, ఆమె వెనకాలే వచ్చాను. నాన్న దగ్గర ఆకురాయి పట్టడం నేర్చుకున్నాను. ఆ పనితనం చూసి సైన్యం నన్ను తుపాకుల మరమ్మతులో వేసింది. నేను యుద్ధం చూడలేదు. చికాగో పక్కనున్న మా నేపర్‌విల్ చర్చిలో పెద్దవాళ్లు అడుగుతుంటారు, "ఎవరినైనా కాల్చారా బ్రదర్?" అని. లేదంటాను. అక్కడితో మాట ఆగిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మరమ్మతు షెడ్డులో మేం ఇద్దరమే. నేను, సార్జెంటు. ఆయనకి యాభై దగ్గరపడ్డాయి. టెనెసీ కొండల మనిషి. సన్నగా, శుభ్రంగా ఉండేవాడు. నా పేరు పలకడం కష్టమని మొదటిరోజే నన్ను "చికాగో" అన్నాడు. చివరి దాకా అదే పిలుపు.

రెండోరోజు తన తండ్రి షాట్‌గన్ చూపించాడు. నలభై ఏళ్ల నాటిది. గొట్టం కింది చెక్క పిడిని వెనక్కి లాగమన్నాడు. లాగాను. నూనె రాసిన గాజు మీద గాజు జారినట్టు వచ్చింది. అంత మంచి పనితనం నేనప్పటిదాకా ముట్టుకోలేదు.

"మా నాన్న పోతూ పోతూ రెండే మాటలు చెప్పాడు, చికాగో," అన్నాడు. "చర్చి మారొద్దు. తుపాకీ మారొద్దు."

ఆ తుపాకీ చేసిన కంపెనీ బిళ్ల ఉన్న బెల్టే పెట్టుకునేవాడు. ఆ కంపెనీ క్యాలెండరే గోడ మీద. ఇంకో కంపెనీ తుపాకీ రిపేరుకొస్తే వేలికొసలతో పట్టుకునేవాడు.

వారం తిరక్కుండా కాపలా దళానికి కొత్త షాట్‌గన్లు వచ్చాయి. నూట ఇరవై. అదే కంపెనీ. పాతవి అప్పటికే వేరే చోటికి పంపేశారు. కెప్టెన్ ఆర్డరు: పది రోజుల్లో చెక్ చేసి గార్డులకు ఇవ్వాలి.

మొదటి పెట్టె సార్జెంటే తెరిచాడు, పండగ బట్టల పొట్లం విప్పినట్టు. పెట్టె మీద అదే పాత ముద్ర. లోపల తుపాకీ వేరు. చెక్క మీద పాలిష్ బదులు జిగురులాంటి పూత. గొట్టం లోపల ఇనుప రజను. ఒక స్క్రూ తల సగం చెడిపోయి ఉంది. తనిఖీ చేసినవాడి గుర్తు, గుండ్రంలో ఒక అక్షరం, ప్రతి తుపాకీ మీదా ఉంది. భూతద్దం పెట్టి చూశాను. ఆ గుర్తు నల్లరంగుకి కింద ఉంది. అంటే రంగు వేయకముందే, భాగాలు బిగించకముందే, బాగుందని ముద్ర కొట్టేశారు.

షాట్‌గన్‌లో ఒక చిన్న సుత్తి ఉంటుంది. అది పడితేనే తూటా పేలుతుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది ఒక కొక్కెం. ఆ కొక్కెం అంచు ఎంత పట్టు పట్టాలో కొలత ఉంది. సేఫ్టీ వేస్తే ట్రిగ్గర్ మాత్రమే ఆగుతుంది. కొక్కెం తనంతట తాను జారితే దాన్ని సేఫ్టీ ఆపదు.

నూట ఇరవైలో ముప్ఫై ఒకటి కొలతకు నిలవలేదు. కొన్నిటిలో పట్టు సగమే ఉంది. కాగితం రాసి సార్జెంటుకి ఇచ్చాను.

చదివి నాకే తిరిగిచ్చేశాడు. "కొత్త చెప్పు కరుస్తుంది. అంతమాత్రాన పారేస్తామా? నాలుగు రౌండ్లు కాలిస్తే సర్దుకుంటాయి."

"పట్టు తక్కువైతే కాల్చేకొద్దీ ఇంకా అరుగుతుంది, సార్జెంట్."

పట్టు కొలిచే గేజ్ నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆ ముప్ఫై ఒకటీ మళ్లీ కొలిచాడు. అన్నీ పాసయ్యాయి. కొత్త తనిఖీ కాగితం రాసి నా ముందు పెట్టాడు. "నీ చెయ్యి వణికింది," అన్నాడు. గొంతులో కోపం లేదు. జాలే ఉంది. "సైన్ చెయ్యి."

నా చెయ్యి వణకలేదు. అయినా సైన్ చేశాను. నాకన్నా పాతికేళ్లకి పైగా పెద్దవాడు. ఆ తుపాకులు ఆయనకి తెలిసినంతగా నాకు తెలియవనుకున్నాను.

కెప్టెన్ మర్నాడు చూస్తానన్నాడు. తూటాలు లేకుండా అన్నిటి సుత్తులూ వెనక్కెక్కించి, సేఫ్టీ వేసి, ఒక ఖాళీ బంకర్లో ర్యాకుల్లో నిలబెట్టాం. మధ్యాహ్నం మూడు నలభైకి నెంబర్లు రాసుకోవడానికి ఒక్కణ్ణే వెళ్లాను. తలుపు వెనకాల తెరిచే ఉంది. బయట ఎండ. లోపల నా ఊపిరి పొగలా కనిపిస్తోంది.

నలభయ్యో నెంబరు రాస్తున్నాను. వెనకెక్కడో టక్‌మంది.

ఎలుకనుకున్నాను. ఆ ఎడారిలో, ఆ కాంక్రీటులో ఎలుకెక్కడిది? పెన్సిలు ఆపి నిలబడ్డాను. కాసేపటికి కుడిపక్క టక్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ బాగా లోపల, చీకటి మూల, టక్. గుండ్రటి కప్పు కింద ఆ చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినిపించేది. ఎవరో తొందరేమీ లేకుండా ఒక్కొక్క తుపాకీనే నొక్కుకుంటూ వస్తున్నట్టుంది. సుత్తులు వాటంతట అవే పడుతున్నాయని అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఇంకా భయం వేసింది.

పరుగెత్తి సార్జెంటుని పిలుచుకొచ్చాను. ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. ఐదు నిమిషాలు ఏమీ లేదు. ఆయన వెళ్దామన్నట్టు తిరిగాడు. అప్పుడు, మూడడుగుల దూరంలో, టక్‌మంది. ఆయన భుజం అదిరింది. నేను చూశాను.

"విన్నారా?"

ఆయన నా ముఖంలోకి చూడలేదు. "నాకేం వినపడలేదు," అని బయటికి నడిచాడు.

మర్నాడు ఉదయం కెప్టెన్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కాగితం నా వైపు తిప్పాడు. "ఈ సైన్ ఎవరిది?"

"నాదే, సర్."

"మరి?"

సెల్యూట్ చేసి బయటికొచ్చాను. సోమవారం తుపాకులు గార్డులకిచ్చేశారు.

మూడు వారాలు ఏమీ జరగలేదు. మామూలుగా గార్డులు తూటా ఎక్కించరు. అలారం మోగితేనే ఎక్కిస్తారు. డిసెంబరులో ఒక ఉదయం ఆరు యాభైకి ఏడో పోస్టు దగ్గర కంచె అలారం మోగింది. బయట అదే ఫారన్‌హీట్ లెక్కలో సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. నేను కంట్రోల్ రూంలో హీటరు బిగిస్తున్నాను. రేడియో ఆపరేటర్ నాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఏడో పోస్టు గార్డు గొంతు వచ్చింది.

"కంట్రోల్, ఏడు. జింకలే. కంచెకి తగిలాయి. వెనక్కొస్తున్నాం."

"సరే, ఏడు."

నిమిషం దాటింది. ట్రక్కు ఇంజిను చప్పుడు మీదుగా అదే గొంతు, కానీ మారిపోయింది.

"కంట్రోల్, ఏడు. ఒక రౌండ్ పేలింది."

"ఎవరు కాల్చారు?"

రేడియో గరగరలాడింది.

"ఏడు, ఎవరు కాల్చారు?"

"ఎవరూ కాల్చలేదు."

తుపాకీ ట్రక్కు లోపలి స్టాండులో, గొట్టం కిందికి పెట్టి ఉంది. సేఫ్టీ వేసే ఉంది. ఎవరి చెయ్యీ దాని మీద లేదు. డ్రైవర్ ఎడమ పాదం సగం పోయింది. ఆ డ్రైవరుకి పంతొమ్మిదేళ్లు. ఆదివారాలు మెస్సులో అందరికీ పాన్‌కేకులు వేసేవాడు. తుపాకీ నెంబరు తెప్పించి నా కాగితంతో పోల్చి చూశాను. ముప్ఫై ఒకటిలో అదొకటి. నా పాత కొలతల కాగితం తీసుకెళ్లి కెప్టెన్ బల్ల మీద పెట్టాను. ఆయన ఫోన్ అందుకున్నాడు.

మిగిలిన నూట పంతొమ్మిదీ బంకర్‌కి తిరిగొచ్చాయి. ఆర్డరు ఇలా ఉంది: సుత్తులెక్కించండి, కూర్చోండి, ఏ తుపాకీ సుత్తి పడితే ఆ తుపాకీ మీద సుద్దతో గుర్తు పెట్టండి. నేనూ సార్జెంటూ రెండు మడతకుర్చీలు వేసుకుని ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నాం. ఉన్ని టోపీ చెవుల మీదికి లాగకూడదు, వినపడదు కాబట్టి. చెవులు మొద్దుబారిపోయేవి. మొదటిరోజు తొమ్మిది పడ్డాయి. ఒకసారి పడిన తుపాకీ మళ్లీ పడేది కాదు. అసలు పడదనుకున్నది మూడోరోజు పడేది. లోహం చలికి ముడుచుకుంటుందని నాన్న చెప్పేవాడు. అదే కారణమో కాదో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

మూడోరోజు సార్జెంటు సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ అన్నాడు, "ఆ రోజు విన్నాను, చికాగో."

"తెలుసు, సార్జెంట్."

"నా కొడుక్కి కూడా ఇదే కొనిచ్చాను. సెప్టెంబర్లో. వాడి పుట్టినరోజుకి."

ఆ సాయంత్రం ఆఫీసులో ఫోన్ చేశాడు. నేను పక్కనే పనిముట్లు తుడుస్తున్నాను. కొడుకు గొంతు పెద్దది, నాకూ వినిపించింది.

"దాంట్లో తూటా పెట్టకు," అన్నాడు సార్జెంటు. "తీసి పెట్టెలో పెట్టు. నేనొచ్చి తీసుకెళ్తాను."

కొడుకు నవ్వాడు. "డాడ్, ఏం మాట్లాడుతున్నావ్? నువ్వే కదా చెప్పావు, ఆ కంపెనీవాళ్లు తప్పుడు తుపాకీ చెయ్యరని. నా జీవితమంతా చెప్పావు."

"చెప్పాను."

"మరి?"

శుక్రవారం వస్తానని చెప్పి ఆయన రిసీవర్ పెట్టేశాడు.

శుక్రవారం సెలవు పెట్టి, కొడుకుండే ఊరికి పదకొండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాడు. సోమవారం ఉదయం ఎనిమిది ఐదుకి, దుప్పట్లో చుట్టిన తుపాకీతో బంకర్‌కి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కొడుకు తిట్టాడట. అయినా తెచ్చాడు. సుత్తి ఎక్కించి, తన కుర్చీ ఎదురుగా ఉన్న ర్యాకులో, మిగతావాటి పక్కన నిలబెట్టాడు.

ఆ రోజు ఆరు పడ్డాయి. కొడుకు తుపాకీ పడలేదు. పన్నెండయింది. రెండయింది. భోజనానికి కూడా ఆయన లేవలేదు. నాలుగు పదికి లేచి నా వైపు తిరిగాడు. నెల రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో నవ్వు చూశాను.

"చూశావా?" అన్నాడు.

గేజ్ నా జేబులోనే ఉంది. "ఒకసారి కొలుద్దామా, సార్జెంట్?"

"అక్కర్లేదు. ఇది మంచిది. వాళ్లు మంచివి కూడా చేస్తున్నారు."

దుప్పటి చుట్టాడు. నేను ఇంకోసారి అడగలేదు. నేను చేసిన రెండో తప్పు అది. పై వారం ఆయన ఆ తుపాకీ కొడుక్కి తిరిగిచ్చేశాడు.

తర్వాత ఆయనతో పని మామూలుగానే సాగింది. క్యాలెండరు మారింది, అదే కంపెనీది. మార్చిలో తుపాకులన్నీ పెట్టెల్లో పెట్టి వెనక్కి పంపాం. తమ ప్రమాణాల ప్రకారమే తయారయ్యాయని కంపెనీ ఒక పేజీ ఉత్తరం రాసింది. కెప్టెన్‌కి బదిలీ అయింది. డ్రైవర్ ఆసుపత్రి నుంచి నాకు కార్డు రాశాడు, ప్రత్యేకం చేసిన బూటుతో నడుస్తున్నానని. సైన్ నాదేనని అతనికి ఉత్తరం రాశాను. దానికి జవాబు రాలేదు.

నా డ్యూటీ ఏప్రిల్‌లో ముగిసింది. చికాగో బస్ స్టేషన్‌కి అమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. కార్‌లో కూర్చున్నాక అడిగింది.

"అక్కడ ఇన్నాళ్లు ఏం చేశావురా?"

"చెవులు రిక్కించుకుని కూర్చున్నానమ్మా."

అర్థం కాలేదు ఆమెకి. నా చెవి అంచున చలికి నల్లబడిన చోట నర్సు చేత్తో తడిమి చూసి, రేపు డాక్టరుకి చూపిద్దామంది.

తర్వాత నేను ఫ్యాక్టరీలో లేత్ మిషన్ల మీద పనిచేశాను, పెళ్లి చేసుకున్నాను, రిటైరయ్యాను. సార్జెంటుకి ఎన్నడూ ఫోన్ చేయలేదు. ఆ కొడుకు ఎలా ఉన్నాడో అడగడానికి ధైర్యం చాల్లేదు.

కొడుకు తుపాకీ తెచ్చిన ఆ సోమవారం మాత్రం నన్ను వదల్లేదు. అప్పుడు టైం మూడున్నర. తలుపులోంచి పడిన ఎండ ఆయన బూట్ల దాకా వచ్చి ఆగింది. ఆయన కుర్చీ ముందుకు జరిపి, వంగి, కొడుకు తుపాకీకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోతున్న బిడ్డ ఊపిరి వింటున్న తండ్రిలా ఉన్నాడు. చుట్టూ సుద్ద గుర్తులు. వెనక వరసలో ఎక్కడో ఒకటి టక్‌మంది.

ఆయన కళ్లు తెరవలేదు.