కూర్చున్న పిట్ట కాళ్లు

ఆ వేసవిలో నా ఉద్యోగం నాచారంలో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ డాబా మీద గుడ్లు పెట్టిన తీతువు జంటను చూడటం. గూడంటే పుల్లలతో కట్టింది కాదు, కంకరలో చిన్న గుంట, నాలుగు గుడ్లు. తీతువుల్లో ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే మా ల్యాబ్ మేడమ్ ఒకదాని కాలికి పసుపు రింగు, రెండోదానికి నీలం రింగు తొడిగించి, చెరో రక్తపు చుక్క పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నేను రాయాల్సింది ఒక్కటే. పావుగంటకోసారి, గుడ్ల మీద ఏ రంగు కూర్చుందని.

మెట్ల గది కిటికీలోంచి బైనాక్యులర్‌తో చూసేదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది. మాట్లాడేది వాచ్‌మన్ తాత ఒక్కడే.

"గా కూసున్నది తల్లి బిడ్డా," అన్నాడు మొదటిరోజే. "అయ్య ఏడ కూసుంటడు? ట్యాంకెనక నిలవడి మనల్ని తిడుతుండు, ఇనవడుతలేదా?"

ఆ పొద్దున కూర్చున్నది పసుపు రింగుదే. ఎండ ముదిరాక అది లేచి, నల్లా కింద నిలిచిన నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి మళ్లీ గుడ్ల మీద కూర్చుంది. ఉప్పల్లో ఇంటికొచ్చి నా డైరీలో రాసుకున్నాను: తల్లి నీళ్లు తెచ్చింది.

మూడో వారంలో ఫలితం వచ్చింది. పసుపు మగది.

మేడమ్ నా షీట్ ముందేసుకుని, "రెండూ కూర్చోవడం మామూలే. కానీ ఇక్కడ మగదే చాలా ఎక్కువసేపు కూర్చుంటోంది. బాగుందమ్మా, దీని మీదే రాద్దాం," అన్నారు. అంతవరకూ ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఎరగను.

కానీ కూర్చున్న పిట్ట కాళ్లు కనిపించవు. కనిపించనప్పుడల్లా నేను పసుపు అని రాశాను, పసుపుదే తల్లి, తల్లే కదా కూర్చునేది అని. తల్లే కూర్చుంటుందన్న నా నమ్మకమే ఇప్పుడు తండ్రి కూర్చుంటాడని రుజువు చేస్తోంది.

రెండు రోజులు చెప్పలేకపోయాను. ఏది చూసి రాశానో, ఏది అనుకుని రాశానో తేల్చుకుందామని డైరీ తిరగేశాను. ప్రతి పేజీలో తల్లి, తల్లి. కళ్లు మూసుకుంటే పసుపు రింగు స్పష్టంగా కనిపిస్తోంది, కానీ అది ఏ రోజుదో తెలియదు.

మూడోరోజు మేడమ్ గదికి వెళ్లాను.

"కూర్చున్నప్పుడు కాళ్లు కనబడవు మేడమ్."

"మరెలా రాశావు?"

"తల్లి అనుకుని."

"తల్లని ఎవరు చెప్పారు?"

తాత మాట నోటిదాకా వచ్చింది. "నేనే అనుకున్నా," అన్నాను.

ఆవిడ షీట్ నా వైపు జరిపారు. "రింగు చూశానని ఒట్టేసి చెప్పగలిగినవి ఉంచు. మిగతా గడులన్నిటిలో ప్రశ్నార్థకం పెట్టు. రేపు మామూలుగా వెళ్లు."

షీట్‌లో ఉంచగలిగినవి కొన్నే మిగిలాయి. వాటి మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు.

మర్నాడు తాతకు చెప్పాను, పసుపుది మగదని. ఆయన ట్యాంకు వైపు చెవి పెట్టాడు.

"అయితే ఇన్ని దినాల సంది మనల్ని తిట్టింది ఆమెనా?"

"తెల్వదు తాతా."

"ఇప్పుడు కూసున్నదెవలు?"

"లేచినంక చెప్త."

పావుగంట అయింది. పిట్ట లేవలేదు. గడిలో ప్రశ్నార్థకం పెట్టి, మళ్లీ బైనాక్యులర్ ఎత్తాను.