పోయొస్త అన్న రాణి బిడ్డ

ఇవాళ ఇబ్రహీంపట్నం బస్టాండులో మంచాల బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక బడి పిల్ల నా బిడ్డ రాసిన పుస్తకం చదువుతోంది. నా బిడ్డ కోటల చరిత్ర రాసేది. ఆ కోటల్లో మాయలు జరిగినట్టు పిల్లలకు కథలూ రాసేది. పోయిన ఏడాది జ్వరమని దవాఖానకు పోయి, మళ్లీ ఇంటికి రాలేదు.

ఆగలేక, "గా పుస్తకం నా బిడ్డ రాసిందే" అన్నాను.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అవునా పెద్దమ్మా! కోట దాటి పోయిన రాణి బిడ్డ మళ్లొస్తదా? రెండో పుస్తకం ఎప్పుడొస్తది?"

"రాదు బిడ్డా. రాసేటామె లేదు."

"గట్లెట్ల? రాణి బిడ్డ తల్లితోని 'పోతున్న' అనలే, 'పోయొస్త' అన్నది. గట్లన్నోళ్లు రావాలె గద!"

పోతున్న అనకూడదు, పోయొస్త అనాలని నా బిడ్డకు నేర్పింది నేనే. దవాఖానకు పోతూ గడపలో అదే అన్నది.

బస్సొస్తే ఆ పిల్ల కూడా "పోయొస్త పెద్దమ్మా" అని ఎక్కింది. నేను ఎక్కాల్సిన బస్సూ అదే. కూర్చునే ఉండిపోయాను.

ఆ పుస్తకం చదివినవాళ్లు ఉంటే కింద రాయండి. రాణి బిడ్డ వస్తుందనే రాయండి, అబద్ధమైనా సరే.