టిక్కు పడని మూడో పని

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై ఏళ్లుగా తనిఖీ కాగితం చేత పట్టుకునే బతుకుతున్నాడు. తాడు, బ్రేకు, తలుపు, గంట, అన్నింటి పక్కనా టిక్కు పడితేగాని లిఫ్టులోకి చీమను కూడా ఎక్కనివ్వడు. అంతటి మనిషి ఇంటికొచ్చేసరికి అన్నీ మరిచిపోతాడు. అమ్మ కళ్లజోడు దుకాణం నుంచి తెమ్మంటే వరసగా మూడు రోజులు ఉత్తచేతులతో వచ్చాడు. నాలుగో రోజు అమ్మ ఉప్పనుకుని కూరలో చక్కెర వేసింది. ఆ కూర తిన్నాక నాన్నే నన్ను పిలిచి, "పనులు గుర్తుచేసే యాప్ ఏదో ఉంటుందట కదే, నా ఫోన్లో పెట్టు" అన్నాడు.

నేను ఆఫీసుకు వెళ్లే తొందరలో ఉన్నాను. పనుల యాప్ ఒకటి దించి, అందులో ఉన్న రెడీమేడ్ జాబితా తెరిచి, అడుగున "కళ్లజోడు తేవాలి" అని చేర్చి ఆయన చేతిలో పెట్టాను. పైనున్నవి మచ్చుకు ఇచ్చిన పనులనీ, చెరిపేసుకోవాలనీ చెప్పడం మరిచాను. మతిమరుపు మా వంశంలోనే ఉంది.

ఆ రోజు ఆయనకు సెలవు. సాయంత్రం నేనొచ్చేసరికి వరండాలో రొప్పుతూ కూర్చున్నాడు. మొదటి పని, మూడు లీటర్ల నీళ్లు తాగడం. తాగాడు, టిక్కు పెట్టాడు. రెండోది, కుక్కను షికారు తిప్పడం. మాకు కుక్క లేదు. ఎదురింటి దర్జీగారిని బతిమాలి వాళ్ల కుక్కను తీసుకెళ్లాడు. నిజానికి అదే ఈయన్ను ఊరంతా తిప్పింది. కళ్లజోడు కూడా వచ్చేసింది. మిగిలింది మూడోది: "తమ్ముడికి ఫోన్ చేయాలి."

ఆరేళ్ల కిందట, నాన్న బిగించిన కొత్త లిఫ్టు చూడ్డానికి బాబాయి వచ్చాడు. పై అధికారులందరి ముందూ, "మా అన్నయ్య బిగించాడా? అయితే నేను మెట్లెక్కే వస్తా" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నాకేమో బాబాయంటే ప్రాణం. ఈ ఆరేళ్లూ వాళ్లింటికి దొంగచాటుగా వెళ్లివస్తూ విసిగిపోయాను.

"ఇది రాసింది నువ్వా, మీ అమ్మా?" అన్నాడు నాన్న.

నిజం చెబితే చెరిపించేస్తాడు. నోరు మెదపలేదు. అమ్మ కొత్త కళ్లజోడులోంచి నావైపు మెచ్చుకోలుగా చూసింది.

మర్నాటికి ఆ పని ఎర్రబడింది. ఒక రోజు ఆలస్యం అంది యాప్. తర్వాత రెండు, మూడు. నాన్నకు ముద్ద దిగడం మానేసింది. చేయని పనికి టిక్కు పెట్టడం ఆయనకు చేతకాదు. ఆయన వృత్తిలో అలా పెడితే మనుషుల ప్రాణాలు పోతాయి. పోనీ చెరిపేద్దామంటే ఎలాగో నన్ను అడగాలి. అడిగితే ఓడిపోయినట్టే.

ఐదో రోజు పొద్దున్నే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"నేనే. నీతో మాట్లాడాలని కాదు. యాప్‌లో ఓ పని పెండింగ్ ఉంది."

అవతల టీవీ మోత ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి అన్నయ్యా?"

"ఐదు రోజులు." నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఆరేళ్లు."

తర్వాత గంటసేపు ఇద్దరూ అరుచుకున్నారు, తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. వంటింట్లో అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

నాన్న టిక్కు పెట్టాక ఇక దాచలేకపోయాను. "నాన్నా, అది మేం రాసింది కాదు. యాప్‌తో వచ్చిన మచ్చు పని. అందరికీ అదే వస్తుంది."

నాన్న ఫోన్‌లో జాబితాను పైకీ కిందికీ జరిపి వెతికాడు.

"అది సరేగానీ, టిక్కు పెట్టగానే మాయమైపోయిందే. వారం వారం వచ్చేలా ఎలా పెట్టాలి?"